ఐపీసీసీ ఇంటరాక్టివ్ అట్లాస్ రివ్యూ: ఏ ఏడాదికి అని కాదు, ఎన్ని డిగ్రీలకు అని అడగండి

ఉచితంగా దొరికేవాటిలో ఇంత విలువైన వెబ్‌సైట్ ఇంకోటి నాకు తెలీదు. కానీ తెరిచినవాళ్లలో చాలామంది మొదటి రెండు బటన్ల దగ్గరే ఆగిపోయి, అక్కడ కనిపించిన ఎర్రటి మ్యాపును స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టేస్తున్నారు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో పనిచేసే శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 ఆగస్టు 9న తన ఆరో నివేదికలో మొదటి భాగం విడుదల చేసింది. దాంతో పాటే వచ్చింది ఈ అట్లాస్. నివేదికేమో వేల పేజీలు, 234 మంది రచయితలు, 14 వేలకు పైగా పరిశోధన పత్రాల సారం. అదంతా చదివే ఓపిక ఎవరికుంటుంది? అట్లాస్‌లో మాత్రం మనకి కావలసిన ప్రాంతం, కావలసిన నెలలు, కావలసిన కొలత ఎంచుకుంటే సరిపోతుంది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎక్కడ తగ్గించానో చెబుతాను.

తెరవగానే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి అంకెలు, మ్యాపులు ఇచ్చే ప్రాంతీయ సమాచారం. రెండోది నిపుణులు తేల్చిన ముక్తాయింపులను ప్రాంతాల వారీగా చూపించే భాగం. మొదటిదాంట్లోకి వెళ్తే ప్రపంచ పటం, దానిపైన వరసగా మెనూలు: ఏ డేటా, ఏ కొలత, ఎప్పటికి, దేనితో పోల్చి, ఏ నెలలు. ఉష్ణోగ్రతలే ఉంటాయనుకోకండి. ఒక్క రోజులో పడే అతి పెద్ద వాన, వరసగా ఐదు రోజుల్లో పడే అతి పెద్ద వాన, వాన చుక్క పడని రోజులు, 40 డిగ్రీలు దాటే రోజులు, సముద్రమట్టం, సముద్రపు నీటి ఆమ్లత్వం దాకా ఉన్నాయి. ఒక ప్రాంతం మీద క్లిక్ చేస్తే కింద గ్రాఫులు తెరుచుకుంటాయి, కాలక్రమంలో ఎలా మారిందో, ఏ నెలలో ఎంత మారుతుందో చూపిస్తాయి. నెలలు మనమే ఎంచుకోవచ్చన్నది మనలాంటివాళ్లకి పెద్ద సౌకర్యం. ఏడాది మొత్తం సగటు చూస్తే మన రైతుకి ఒరిగేదేమీ లేదు, జూన్ నుంచి సెప్టెంబర్ వరకు పెట్టి చూస్తేనే అది నైరుతి రుతుపవనాల లెక్క అవుతుంది.

ఈ అంకెలు ఎక్కడివి అన్నదే అసలు ప్రశ్న. ఎవరో కూర్చుని పాత ఉష్ణోగ్రతల గీతను ముందుకు పొడిగించేసి చెప్పినవి కావు. గాలి, నీరు, మంచు, నేల, సముద్రం ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో చెప్పే భౌతికశాస్త్ర సూత్రాలను కంప్యూటర్లో పెట్టి, 1850 నుంచి మొదలుపెట్టి శతాబ్దాల వాతావరణాన్ని నడిపిస్తారు. ఇలాంటి మోడళ్లు ప్రపంచవ్యాప్తంగా పదుల సంఖ్యలో ఉన్నాయి. అన్నీ ఒకే నియమాలతో, ఒకే ఉద్గారాల (మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల) ఊహాచిత్రాలతో నడిపి ఫలితాలను పక్కపక్కన పెట్టే ఉమ్మడి ప్రాజెక్టు పేరు సీఎంఐపీ. దాని ఆరో విడత ఫలితాలే ఈ అట్లాస్‌కి ముడిసరుకు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన మోడల్ కూడా ఈ విడతలో పాల్గొంది, మన దేశం నుంచి అలా పాల్గొన్న మొదటి మోడల్ అదే. మన రుతుపవనాల గురించి ప్రపంచానికి మన ప్రయోగశాల కూడా ఒక మాట చెబుతోందంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

"వారం తర్వాత వానే సరిగ్గా చెప్పలేరు, ఎనభై ఏళ్ల తర్వాత సంగతి ఎలా చెబుతారు" అని అడిగేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. వాన ఫలానా రోజున పడుతుందా అన్నది వేరే లెక్క, అది ఈరోజు గాలి ఎక్కడ ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముప్పై ఏళ్ల సగటు ఎటు జరుగుతుందన్నది భూమికి ఎంత వేడి వస్తోంది, ఎంత బయటికి పోతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండో లెక్క చాలా కాలంగా పరీక్షకు నిలబడుతోంది. 1967లో వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ ఇద్దరూ ఇప్పటి ఫోన్లతో పోలిస్తే లెక్కలోకే రాని కంప్యూటర్ మీద, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని తేల్చారు. అంతకన్నా నన్ను కట్టిపడేసేది ఇంకోటుంది: కింద గాలి వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొర మాత్రం చల్లబడుతుందని కూడా ఆ లెక్కే చెప్పింది. తర్వాతి దశాబ్దాల్లో బెలూన్లు, ఉపగ్రహాలు కొలిస్తే అలాగే జరుగుతోందని బయటపడింది. సూర్యుడి వల్లే వేడెక్కుతుంటే కింద, పైన రెండూ వేడెక్కాలి కదా. మనాబేకి 2021లో నోబెల్ వచ్చింది, ఈ అట్లాస్ వచ్చిన ఏడాదే.

ఇంకో పరీక్ష కూడా ఉంది. 1970 నుంచి 2007 మధ్య ప్రచురించిన 17 అంచనాలను తీసుకుని, ఆ తర్వాత నిజంగా జరిగిన దానితో పోలుస్తూ 2019 చివర్లో ఒక పరిశోధన వచ్చింది. అందులో 10 నేరుగా సరిపోయాయి. ఉద్గారాలు ఎంత పెరుగుతాయన్న ఊహలో వచ్చిన తేడాను సరిచేసి చూస్తే 14 సరిపోయాయి. అంటే మోడళ్లలోని భౌతికశాస్త్రం చాలావరకు సరైనదే, తేడా వచ్చింది ఎక్కువగా మనుషులు ఎంత బొగ్గు, ఎంత చమురు తగలబెడతారు అన్న ఊహలో. ఇది గుర్తుపెట్టుకోండి, అట్లాస్ వాడేటప్పుడు చాలా అవసరం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి ఎంత వేడెక్కుతుంది అన్న ఒక్క అంకె చుట్టూ ఈ శాస్త్రం నలభై ఏళ్లు తిరిగింది. 1979లో అమెరికాలో జూల్ చార్నీ నాయకత్వంలోని బృందం 1.5 నుంచి 4.5 డిగ్రీల మధ్య అని చెప్పింది. 2013 నివేదికలో కూడా అదే 1.5 నుంచి 4.5. ఇన్నేళ్లలో ఇంచు కూడా కదల్లేదా అనిపిస్తుంది. 2021 నివేదికలో అది 2.5 నుంచి 4కి కుదించుకుంది, మధ్య అంచనా 3. కుదించగలిగింది ఎలాగంటే, మోడళ్ల మీదే ఆధారపడకుండా మేఘాల ప్రవర్తన గురించిన కొలతలు, గత నూట యాభై ఏళ్ల ఉష్ణోగ్రతలు, మంచుయుగం లాంటి ప్రాచీన కాలాల ఆధారాలు కలిపి చూశారు. నా దృష్టిలో ఈ రంగంలో గత పాతికేళ్లలో జరిగిన అతి పెద్ద పని ఇదే, మన పత్రికల్లో దీని గురించి పెద్దగా చదివిన గుర్తు లేదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఆరో విడత మోడళ్లలో కొన్ని, కెనడాదీ బ్రిటన్‌దీ వాటిలో ఉన్నాయి, ఇదే ప్రశ్నకు 5 డిగ్రీలకు పైనే జవాబిచ్చాయి. మేఘాలను మరింత వివరంగా లెక్కించబోయిన చోట వేడి ఎక్కువ చూపిస్తున్నాయని తేలింది. ఐపీసీసీ తన ముఖ్యమైన ప్రపంచ ఉష్ణోగ్రత అంచనాలు ఇచ్చేటప్పుడు ఈ మితిమీరిన వేడిని ఇతర ఆధారాలతో సరిచేసింది. అట్లాస్‌లో మాత్రం అన్ని మోడళ్లకీ సమానంగా ఓటు ఉంటుంది. కాబట్టి మీరు అట్లాస్‌కి వెళ్లి ఎక్కువ ఉద్గారాల చిత్రం, 2081 నుంచి 2100 అని ఎంచుకుంటే వచ్చే మ్యాపు, నివేదికలో ఐపీసీసీ చెప్పిన దానికన్నా కాస్త ఎక్కువ ఎర్రగా ఉండొచ్చు. ఒకే సంస్థ రెండు చోట్ల రెండు రకాలుగా చెబుతున్నట్టు కనిపించడం మామూలు పాఠకుడిని గందరగోళపెడుతుంది. ఈ విషయం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సింది. నేను మార్కు తగ్గించింది మొదట ఇందుకే.

దీనికి మందు కూడా అట్లాస్‌లోనే ఉంది. "ఎప్పటికి" అన్న మెనూలో ఏళ్లతో పాటు 1.5, 2, 3, 4 డిగ్రీలు అని కూడా ఉంటాయి. అవి నొక్కండి. అప్పుడు ప్రశ్న మారిపోతుంది: 2090లో మన దగ్గర ఎలా ఉంటుంది అని కాకుండా, ప్రపంచ సగటు 1850-1900తో పోలిస్తే 2 డిగ్రీలు పెరిగిన రోజున మన దగ్గర ఎలా ఉంటుంది అని అడుగుతారు. ఒక మోడల్ ఆ 2 డిగ్రీలకు తొందరగా చేరినా, ఇంకోటి నిదానంగా చేరినా, చేరాక ఏం జరుగుతుందన్నదే పోల్చి చూస్తాం కాబట్టి వేడి మోడళ్ల గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. 2022లో కొందరు వాతావరణ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఇచ్చిన సలహా కూడా దాదాపు ఇదే. ఎప్పుడు చేరతాం అన్నది విడిగా నివేదికలోని పట్టికలో చూసుకోవచ్చు. మధ్యరకం ఉద్గారాలైతే శతాబ్దం చివరికి సుమారు 2.7 డిగ్రీలు, బాగా తగ్గించుకుంటే 1.8, అతి ఎక్కువైతే 4.4. ఆ చివరిది జరిగే అవకాశం తక్కువగానే పరిగణిస్తున్నారని అదే నివేదికలో ఉంది. మన ఫోన్లకి వచ్చే భయంకరమైన మ్యాపుల్లో ఎక్కువ శాతం దాంతో చేసినవే, కింద పేరు చూడండి, ఎస్‌ఎస్‌పీ5-8.5 అని ఉంటే అది అతి చెడ్డ ఊహ అని తెలుసుకోండి.

దేనితో పోల్చి అన్న మెనూని కూడా వదిలేయకండి. 1995-2014 సగటుతో పోల్చడం ఒకటి, 1850-1900తో పోల్చడం ఇంకోటి, ఈ రెండింటి మధ్యే ప్రపంచ సగటు 0.85 డిగ్రీలు పెరిగిపోయింది. అందుకే అదే 2 డిగ్రీల ప్రపంచం ఒక మ్యాపులో ఎర్రగా, ఇంకో మ్యాపులో లేత నారింజగా కనిపిస్తుంది, రెండూ నిజమే. ఇంకో మాట, 2024 ఏడాది 1.5 డిగ్రీలు దాటిందని వార్తల్లో వచ్చింది కదా, అట్లాస్‌లోని 1.5 అంటే ఒక్క ఏడాది కాదు, ఇరవై ఏళ్ల సగటు.

వానల మ్యాపు దగ్గర ఎక్కువసేపు ఆగండి. జూన్ నుంచి సెప్టెంబర్, మొత్తం వర్షపాతం, 2 లేదా 3 డిగ్రీలు పెట్టి దక్షిణాసియా చూస్తే వాన పెరిగే వైపు రంగు కనిపిస్తుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే. అయితే మ్యాపు మీద అక్కడక్కడా సన్నటి గీతలుంటాయి, వాటిని డిజైన్ అనుకుని వదిలేయకండి. వివరమైన పద్ధతి ఎంచుకుంటే ఏ గీతలూ లేని చోట మోడళ్లలో కనీసం 66 శాతం మామూలు హెచ్చుతగ్గులను మించిన మార్పు చూపిస్తున్నాయి, కనీసం 80 శాతం అది పెరుగుదలా తగ్గుదలా అన్నదాంట్లో ఏకాభిప్రాయంతో ఉన్నాయి. ఏటవాలు గీతలుంటే మార్పు లేదు, లేదా ఉన్నా ఏటేటా వచ్చే హెచ్చుతగ్గుల్లో కలిసిపోతోంది. అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తులుంటే మార్పు పెద్దదే గానీ ఎటువైపో మోడళ్లకే గొడవ. ఇంత నిజాయితీగా "ఇక్కడ మాకు కచ్చితంగా తెలీదు" అని మ్యాపు మీదే గీసి చూపించే సర్వీసు ఇంకేదుంది చెప్పండి. నాకు ఈ అట్లాస్ మీద నమ్మకం కుదిరింది ఈ గీతల వల్లే.

మనవాళ్లకి ఇక్కడ ఒక సందేహం రావాలి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయి, ముఖ్యంగా గంగా మైదానంలో, పడమటి కనుమల్లో. తగ్గుతూ వచ్చినవి పెరుగుతాయని మోడళ్లు చెబితే ఎలా నమ్మాలి? ఇందులో పెద్ద భాగం పొగ, దుమ్ము, బొగ్గు కాల్చగా వచ్చే సన్నని కణాలది. అవి ఎండను అడ్డుకుని నేలను కాస్త చల్లబరిచి రుతుపవనాల బలాన్ని తగ్గించాయి. మన దేశం 1901 నుంచి 2018 వరకు 0.7 డిగ్రీలే వేడెక్కడానికి, అంటే ప్రపంచ భూభాగాల సగటు కన్నా తక్కువ కావడానికి కూడా ఇవి ఒక కారణం. ఆ పొగ తగ్గే కొద్దీ, కార్బన్ డయాక్సైడ్ పెరిగే కొద్దీ లెక్క తిరగబడుతుందని మోడళ్ల మాట. రాబోయే ఒకటి రెండు దశాబ్దాల్లో మాత్రం సహజమైన హెచ్చుతగ్గులదే పైచేయి అని నివేదిక స్పష్టంగా చెప్పింది. కాబట్టి వచ్చే పదేళ్ల పంటల ప్రణాళిక కోసం ఈ మ్యాపు పట్టుకుని కూర్చోకండి. కాలువలు, చెరువు కట్టలు, పట్నంలో నాలాలు లాంటి యాభై ఏళ్లు ఉండాల్సినవి కట్టేవాళ్లు మాత్రం, ఒక్క రోజు అతి పెద్ద వాన అన్న కొలత చూడకుండా డిజైన్ చేయకూడదు. హైదరాబాద్ లాంటి ఊళ్లో నీళ్లు నిలిచేది సీజన్ మొత్తం వాన వల్ల కాదు, కొన్ని గంటల వాన వల్ల.

ఎండల విషయంలో చిన్న సలహా. 35 డిగ్రీలు దాటే రోజులు అన్న కొలత యూరప్‌కి బాగుంటుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం జనానికి 35 అంటే వేసవిలో మామూలు రోజు. 40 దాటే రోజులు ఎంచుకోండి, అందులోనూ మోడల్ పొరపాటును స్థానిక కొలతలతో సరిచేసిన రకం ఉంటుంది, అదే తీసుకోండి. ఎందుకంటే మోడల్ సహజంగానే ఒక డిగ్రీ చల్లగా ఉంటే 40 దాటే రోజుల లెక్క పూర్తిగా తప్పిపోతుంది. ఇక నన్ను బాధపెట్టే లోటు ఏంటంటే, గాలిలో తేమను కలిపి శరీరానికి తగిలే వేడిని చూపించే కొలత ఈ మ్యాపుల జాబితాలో లేదు. కోస్తాలో మనిషిని చంపేది ఉత్త ఎండ కాదు, ఉక్కపోత. చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు, మిర్చి కోతల్లో, ఉపాధి పనుల్లో, భవనాల మీద ఎండలో పనిచేసేవాళ్లకి ఇదే ప్రాణాంతకం. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు ఎంతమంది పోయారో మనకి గుర్తుంది. అలాంటి చోట ఆ కొలత లేకపోవడం చిన్న విషయం కాదు.

సముద్రమట్టం కోసం అట్లాస్ కన్నా దాని తోబుట్టువు బాగుంటుంది. ఐపీసీసీ అంచనాలనే నాసా వేరే సైట్‌లో పెట్టింది, అక్కడ అలల మట్టం కొలిచే కేంద్రాల వారీగా చూడొచ్చు, విశాఖపట్నం కూడా ఉంది. 2021లో "2100 నాటికి మునిగిపోయే నగరాలు" అని పేపర్లలో, టీవీల్లో వైజాగ్ పేరు మారుమోగింది ఈ సైట్ చూసే. ఆ వార్తల్లో చాలావాటిలో ఏ ఉద్గారాల చిత్రం, ఎంత నుంచి ఎంత వరకు అన్నవి ఎగిరిపోయాయి, మిగిలింది ఒక్క అంకె. మట్టం రెండు అడుగులు పెరగడం, నగరం రెండు అడుగుల నీటిలో ఉండటం ఒకటి కాదు. మధ్యరకం ఉద్గారాలకు ప్రపంచ సగటు 2100 నాటికి 0.44 నుంచి 0.76 మీటర్లు, అతి ఎక్కువైతే 0.63 నుంచి 1.01 మీటర్లు. మంచు ఫలకాలు ఊహించని వేగంతో విరిగితే 2 మీటర్ల దాకా కూడా కొట్టిపారేయలేమని నివేదిక హెచ్చరించింది, ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. నాసా సైట్‌లో నచ్చినదేంటంటే, ఎంత భాగం సముద్రం వేడెక్కి వ్యాకోచించడం వల్ల, ఎంత గ్రీన్‌లాండ్ వల్ల, ఎంత అంటార్కిటికా వల్ల, ఎంత నేల పైకీ కిందకీ కదలడం వల్ల అని విడగొట్టి చూపిస్తుంది. అయితే వైజాగ్ రాతినేల. కృష్ణా, గోదావరి డెల్టాలది మెత్తటి ఒండ్రు, పైన ఆనకట్టల్లో మట్టి ఆగిపోయి డెల్టాకి కొత్త ఒండ్రు చేరడం తగ్గింది, నేల కుంగుతోంది. వైజాగ్ అంకెను తీసుకెళ్లి దివిసీమకి, కోనసీమకి అంటించొద్దు.

ఇదే మాట మొత్తం అట్లాస్‌కి వర్తిస్తుంది. ప్రపంచ మోడళ్ల ఫలితాలను ఇక్కడ ఒక డిగ్రీ గళ్లలో ఇస్తారు, ఒక్కో గడి సుమారు 110 కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, తెనాలి ఒకే గడిలోకి వచ్చేస్తాయి. జూమ్ చేస్తే మ్యాపు పెద్దదవుతుంది గానీ సమాచారం పెరగదు. పడమటి కనుమలు అంత గడిలో సరిగ్గా ఇమడవు, తుపాను కన్ను అసలే ఇమడదు. అందుకే తుపాన్ల మ్యాపు ఇందులో వెతక్కండి. కొంచెం సన్నటి గళ్లు కావాలంటే డేటా మెనూలో దక్షిణాసియాకి విడిగా నడిపిన ప్రాంతీయ మోడళ్లు ఉన్నాయి, వాటికి కార్డెక్స్ అని పేరు. అవి పాత ఐదో విడత మోడళ్ల మీద ఆధారపడినవి, వేటి బలహీనత వాటిది. నేనైతే రెండూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే వైపు చూపిస్తేనే ఎవరికైనా గట్టిగా చెబుతాను.

వాడకం సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌లో ఇబ్బందే, మెనూలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ల్యాప్‌టాప్ ఉంటేనే మంచిది. నెట్ నెమ్మదిగా ఉంటే కొలత మార్చిన ప్రతిసారీ ఎదురుచూడాలి. అంతా ఇంగ్లిష్‌లోనే ఉంది. మండల వ్యవసాయ అధికారికో, సర్పంచ్‌కో, పదో తరగతి పిల్లకో చేరాల్సిన సమాచారం ఇలా ఉండిపోవడం బాధాకరం, మన విశ్వవిద్యాలయాలు పూనుకుంటే తెలుగులో ఒక వాడుక పుస్తకం రాయడం పెద్ద పని కాదు. ఆ ఒక్క మార్కు తగ్గింపులో ఇది రెండో సగం.

డేటా వయసు కూడా చూసుకోవాలి, 2021 తర్వాతి సంగతులు ఇందులో లేవు. ఏడో విడత మోడళ్ల పని నడుస్తోంది. ఈలోగా యూరప్‌వాళ్ల కోపర్నికస్ సంస్థ 2024లో ఇలాంటిదే ఇంకో అట్లాస్ తెచ్చింది, ఐపీసీసీ అట్లాస్ అనుభవం మీదే కట్టినది, చూడ్డానికి కొంచెం తేలిక. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అక్కడ చేయి తిప్పుకుని ఇక్కడికి వచ్చినా ఫర్వాలేదు. మ్యాపును బొమ్మగానే కాదు, అంకెలతో సహా దింపుకోవచ్చు, ఎక్కడిదో పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. దింపుకునేటప్పుడు మాత్రం ఏ కొలత, ఎన్ని డిగ్రీలు, దేనితో పోల్చి, ఏ నెలలు అన్నది ఫైలు పేరులోనే రాసుకోండి, ఎవరికైనా పంపితే ఆ నాలుగూ కూడా పంపండి.